నాలుగో వారం, ఏడో ప్రశ్న: సాహిత్య పరిచయం కోర్సు తయారుచేసినవారికి బహిరంగ లేఖ

సాహిత్య పరిచయం ఆన్‌లైన్ కోర్సు పాఠాలు చెప్పిన అధ్యాపకులకు, ప్రశ్నలు తయారుచేసినవారికి,

నమస్కారం.

నేను పలాసలో ఉంటాను. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఇంటర్‌తో ఆగిపోయిన చదువు ముప్పై నాలుగో ఏట మళ్లీ మొదలుపెట్టాను. మధ్యలో పెళ్లి, పిల్లాడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను. ఆ రాత్రి తెల్లారేసరికి ఉద్దానంలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు నేలమీద ఉన్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లు మా వైపు చాలా ఇళ్లలో చదువుల మాట వెనక్కి పోయింది. మా ఇల్లూ అందులో ఒకటి.

డిగ్రీలో ఒక సబ్జెక్టు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చంటే మీ కోర్సు పెట్టుకున్నాను. ఇదే ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. పగలంతా అంకెలే కదా, రాత్రి కూడా అవే ఎందుకని.

ఇది ఫిర్యాదు లేఖే. కానీ రెండో వారం పాఠం గురించి చెప్పకుండా ఫిర్యాదు చేస్తే అన్యాయం. ఆ వారం మేడమ్ ఒకే ఒక్క వాక్యం బోర్డు మీద రాసి ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడారు. ఆ మాట అక్కడ ఎందుకుంది, దాని బదులు ఇంకో మాట ఉంటే ఏం పోయేది, వాక్యం ఎక్కడ ఆగింది. కథ చదివి మనకేమనిపించిందో చెప్పేస్తే విశ్లేషణ అయిపోదని, అలా అనిపించడానికి కథలో ఏ మాట కారణమో వేలు పెట్టి చూపించాలని అన్నారు. ఆ వీడియో మూడుసార్లు విన్నాను. ఒకసారి షేర్ ఆటోలో, ఒకసారి వంట చేస్తూ, మూడోసారి కూర్చుని నోట్సు రాసుకుంటూ. నా స్కూలు, కాలేజీ రోజుల్లో కథ అంటే సారాంశం, కవి పరిచయం, సందర్భసహిత వ్యాఖ్యలు. వేలు పెట్టి చూపించమని ఎవరూ అడగలేదు. దానికి మీకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అందుకే నాలుగో వారం క్విజ్ చూసి అంత బాధ పడ్డాను.

ఆ వారం కథ కేట్ షోపాన్ రాసిన 'ది స్టోరీ ఆఫ్ యాన్ అవర్'. 1894లో అమెరికాలో వోగ్ పత్రికలో వచ్చింది. రెండు మూడు పేజీలకు మించదు. ఈ లేఖ చదివే అందరూ ఆ కథ చదివి ఉండరు కాబట్టి చెప్తాను. మిసెస్ మాలర్డ్ అనే ఆవిడకి గుండె బలహీనం. రైలు ప్రమాదంలో భర్త పోయాడని కబురొస్తుంది, తోబుట్టువు జోసెఫిన్ ఆ మాట మెల్లగా చెప్తుంది. ఆమె ఏడుస్తుంది. తర్వాత ఒక్కతే గదిలోకి వెళ్లి తెరిచి ఉన్న కిటికీ ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది. బయట వసంతకాలం, చెట్ల చివుళ్లు, వాన వాసన, పిచ్చుకలు. మెల్లగా, తనకే భయం వేసేలా, ఒక సంగతి ఆమెకి తెలిసొస్తుంది: ఇకపై తన బతుకు తనదే. భర్త చెడ్డవాడేమీ కాదు. అయినా సరే. గెలిచిన మనిషిలా మెట్లు దిగి వస్తుంది. అప్పుడే వీధి తలుపు తాళం తీసుకుని భర్త లోపలికొస్తాడు. అసలు ప్రమాదం జరిగిన చోట అతను లేనేలేడు. ఆమె ప్రాణం పోతుంది. పట్టలేని ఆనందంతో గుండె ఆగిందని డాక్టర్లు తేలుస్తారు. కథ అక్కడితో సరి.

ఇప్పుడు మీ ఏడో ప్రశ్న. మిసెస్ మాలర్డ్ మరణానికి కారణమేమిటి? ఎ) భర్త బతికి ఉన్నాడన్న ఆనందం. బి) తోబుట్టువు మాటలు. సి) దొరికిన స్వేచ్ఛ చేజారడం. డి) రైలు ప్రమాదం. నేను సి పెట్టాను. తప్పని ఎర్ర గుర్తు వచ్చింది. మీ కీ ప్రకారం సరైన జవాబు ఎ.

అయ్యా, అమ్మా, ఎ అన్నది డాక్టర్ల మాట. కథ రాసినామె మాట కాదు. డాక్టర్లకి తెలియనిది చదివేవాళ్లకి తెలియడం కోసమే కదా ఆమె మనల్ని ఆ గదిలోకి తీసుకెళ్లింది! పైగా ఆ వారం పాఠం పేరే ఐరనీ. పాత్రలకి తెలియనిది మనకి తెలిసి ఉండడం అందులో ఒక రకమని మీరే చెప్పారు. పాఠం చెప్పినవారు వేరు, ప్రశ్న తయారుచేసినవారు వేరు అయి ఉంటారు. రెండోవారు మొదటివారి వీడియో చూడలేదని నా అనుమానం.

నా జవాబే ముమ్మాటికీ రైటని కూడా నేను అనను. ఆమెకి గుండెజబ్బని రచయిత్రి మొదటి వాక్యంలోనే చెప్పింది. హఠాత్తుగా ఏది ఎదురైనా ఆ గుండె ఆగిపోవచ్చు, దుఃఖమైనా, సంతోషమైనా, చచ్చాడనుకున్న మనిషి గుమ్మంలో కనిపించినా. ఎవరైనా అలా వాదిస్తే నేను వింటాను. కానీ వాదించడానికి చోటేదీ? నాలుగు గుండ్రాలు, ఒకటి నింపాలి, అంతే.

ఇంటర్‌లో మా తెలుగు మాస్టారు 'గంగలో గొల్లపల్లె' అనే పాత ఉదాహరణ చెప్పేవారు. పల్లె నీళ్లలో ఉండదు, ఒడ్డున ఉంటుంది. ఒడ్డున అనకుండా గంగలో అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పవిత్రత మనకి తోస్తాయి. చెప్పిన మాట ఒకటి, తోచేది ఇంకొకటి. దాన్ని ధ్వని అన్నారు, తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు దాని మీద ఒక గ్రంథమే రాశాడు అని చెప్పేవారు. మీ కీ తయారుచేసినవారు పల్లెని నీళ్లలోనే వెతికారు.

తప్పు జరిగిందని సహాయ కేంద్రానికి రాశాను. ఒక నంబరు వచ్చింది. మూడో రోజు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎర్ర గుర్తు మాత్రం అలాగే ఉంది. రెండు మార్కులు. ఆ రెండు మార్కుల కోసమే అయితే ఇంత లేఖ రాసేదాన్ని కాదు.

క్విజ్ అయిన రాత్రి ఆ కథ మా అమ్మకి చెప్పాను. అమ్మ చదువుకోలేదు. చాలా ఏళ్లు జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లింది. జీడి రసం పడి నల్లబడ్డ వేళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మా నాన్న పోయేనాటికి ఆమెకి ఇరవై తొమ్మిదేళ్లు.

చెప్పడం మొదలుపెట్టగానే చిక్కొచ్చి పడింది. కబురు చెప్పిన జోసెఫిన్ ఆవిడకి అక్కా, చెల్లా అని అడిగింది అమ్మ. కథలో లేదు. ఇంగ్లీషులో సిస్టర్ అంటే సరిపోతుంది, తెలుగులో ఏదో ఒకటి తేల్చాలి. చెల్లి అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "చెల్లయితే అంత నిదానంగా సెప్పనేదు. అక్కే అయ్యుంటాది," అంది. ఇది కూడా పాత్ర విశ్లేషణే అని నాకు తర్వాత తట్టింది.

కథంతా విన్నాక, డాక్టర్లు సంతోషంతో పోయిందన్నారని చెప్పాను. అమ్మ నవ్వింది.

"ఆలకేటి తెలుసు? ఆలు గదిలో నేరు గదా."

మీరు మూడో వారంలో రెండు వీడియోలు పెట్టి చెప్పిన దృష్టికోణం పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. కథ ఎవరి కళ్లతో చూపిస్తోంది, ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు, ఎవరికి ఏది కనిపించదు.

తర్వాత అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. నేను లేచి గిన్నెలు తోముకోబోతుంటే అంది: "ఆయమ్మకి కిటికీ ఉంది. నన్ను కూకోబెట్టిన గదికి నేదు. పదకొండు రోజులు గోడే."

ఆ కథ నేను అప్పటికి నాలుగుసార్లు చదివాను. కిటికీ కింద గీత కూడా గీశాను. నేపథ్యం గురించిన ప్రశ్నకి 'కిటికీ స్వేచ్ఛకు ప్రతీక' అని పెట్టి మార్కు కూడా తెచ్చుకున్నాను. కానీ కిటికీ లేని గది ఒకటి ఉంటుందని, ఆ గదిలో అదే వయసు మనిషి కూర్చుంటే ఈ కథ జరగకపోవచ్చని నాకు తోచలేదు. నేపథ్యం మారితే కథే మారుతుందని మీ పాఠంలో ఉన్న వాక్యం అమ్మ వల్ల నాకు అర్థమైంది.

మా నాన్న మంచివాడా కాదా అని అమ్మని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇంకో సంగతి. కథలో కబురు తెచ్చిన స్నేహితుడు పత్రికాఫీసులో ఉండగా చనిపోయినవారి జాబితాలో పేరు చూస్తాడు. వెంటనే పరుగెత్తడు. రెండో టెలిగ్రాం వచ్చి నిర్ధారణ అయ్యేదాకా ఆగి, అప్పుడు బయల్దేరతాడు. ఈ వాక్యం మీద మీ క్విజ్‌లో ప్రశ్న లేదు. మా ఊళ్లో ఎవరినైనా అడగండి, ముందు దాని గురించే చెప్తారు. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ-పలాస పాసింజరును వెనకనుంచి విశాఖ-రాయగడ పాసింజరు ఢీకొట్టింది. ఆ బండికి రావాల్సినవాళ్లలో మా ఆయన ఒకరు. నలభై నిమిషాలు ఫోన్ కలవలేదు. ఆ నలభై నిమిషాల్లో మా వీధిలో ముగ్గురు మూడు రకాల కబుర్లు తెచ్చారు. చివరికి ఆయన బస్సెక్కాడని, నరసన్నపేట దాటాడని తెలిసింది. ఆ రాత్రి అందరికీ అలా తెలియలేదు.

అందుకే ఆ రెండో టెలిగ్రాం దగ్గర నేను ఆగిపోయాను. ఆ స్నేహితుడు జాగ్రత్తపరుడు. రెండోసారి కనుక్కున్నాడు. రెండోసారి వచ్చిన కబురూ అబద్ధమే. ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పు కబురే వచ్చే లోకంలో ఆమె ఒక గంట బతికింది. ఇది నేను రాయాలనుకున్న జవాబు. రాయడానికి గడి లేదు.

చర్చా వేదిక ఉంది కదా అంటారు. ఉంది. వారానికి నూట యాభై మాటల పోస్టు ఒకటి, ఇద్దరికి జవాబులు రెండు. కిటికీ సంగతి తెలుగులో రాస్తే తీసుకోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో తిరగరాశాను. తొంభై రెండు మాటలయ్యాయి. నిడివి చాలలేదని సగం మార్కులు కోసేసింది, మనిషి కాదు, సాఫ్ట్‌వేరే. కింద ఇద్దరు 'నైస్ పోస్ట్' అని రాశారు. వాళ్లని ఏమీ అనను, నేనూ ఇద్దరికి అదే రాశాను. రాత్రి పదకొండున్నరకి గడువు తరుముతుంటే ఎవరైనా అదే రాస్తారు. వాళ్లలో ఒక అబ్బాయి పోస్టు మాత్రం నిజంగా బాగుంది. నేను అది చదవకుండానే నైస్ అన్నానని మర్నాడు తెలిసింది. సిగ్గేసింది.

మీ మొదటి వారం పాఠంలోనే ఐ.ఎ. రిచర్డ్స్ పేరు వచ్చింది. కేంబ్రిడ్జిలో ఆయన విద్యార్థులకి పద్యాలు ఇచ్చి, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చెప్పకుండా, మీకు తోచింది రాయండి అన్నాడు. గొప్ప కవుల పద్యాల్ని చెత్త అన్నవాళ్లు ఉన్నారు, సామాన్యమైనవాటిని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రాతలన్నీ పెట్టుకుని 1929లో పుస్తకం వేశాడు. దగ్గరగా చదవడం అనే పద్ధతికి అది పునాది అని మీరు చెప్పారు. నాకు ఆయనలో నచ్చింది ఇంకొకటి. ఆయన ఆ తప్పు జవాబులన్నీ చదివాడు. ఎక్కడ తప్పారు, ఎందుకు తప్పారు, తెలియని మాట వల్లా, సొంత బాధ అడ్డొచ్చా, ముందే ఉన్న అభిప్రాయం వల్లా అని ఓపిగ్గా రాశాడు. పిల్లల తప్పుల మీద కూర్చుని పుస్తకం రాసిన మాస్టారి పేరు చెప్పి, మా తప్పులకి ఎర్ర గుర్తు ఒకటి పెట్టి ఊరుకుంటే ఎలా?

ఆరో వారానికి రెండు కథల్ని పోలుస్తూ వ్యాసం రాయమని ముందే చెప్పారు. జాబితాలో ఎనిమిది కథలు. తెలుగుది కాదు సరే, ఈ దేశంలో పుట్టినది ఒక్కటీ లేదు. నేను షోపాన్ కథ పక్కన గురజాడ 'దిద్దుబాటు' పెడతానన్నాను. 1910లో వచ్చింది. తెలుగులో మొదటి ఆధునిక కథ అని చాలామంది అంటారు. భండారు అచ్చమాంబ అంతకుముందే కథలు రాసిందని ఇప్పుడు గట్టిగా చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా సబబే అనిపిస్తుంది. ఆ గొడవ అలా ఉంచండి. రెండు కథల్లోనూ మొగుడు గుమ్మంలోకి వస్తాడు. ఒక కథలో తలుపు తీసుకుని వస్తే పెళ్లాం చచ్చిపోతుంది. రెండో కథలో అర్ధరాత్రి దాటాక వచ్చి తలుపు కొడితే పెళ్లాం ఇంట్లో కనిపించదు, ఉత్తరం ఒకటి ఉంటుంది. చివరికి మంచం కిందనుంచి నవ్వు వినిపిస్తుంది. ఒక చోట రచయిత్రి మనల్ని భార్య ఉన్న గదిలో కూర్చోబెట్టింది. రెండో చోట రచయిత మనల్ని భర్త పక్కన నిలబెట్టాడు, ఆ భార్య కమలిని మనసులో ఏముందో మనకి ఉత్తరం వల్లే తెలియాలి. ఇద్దరూ పెళ్లి గురించే మాట్లాడుతున్నారు. 1894, 1910. మధ్యలో పదహారేళ్లు, బోలెడంత సముద్రం. ఇంతకన్నా మంచి జత మీ ఎనిమిదిలో నాకు కనిపించలేదు. 'జాబితాలో లేని రచన' అని వెనక్కి పంపారు.

ఆ వ్యాసం కోసం ఒకరోజు సెలవు పెట్టి శ్రీకాకుళం వెళ్లాను. పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్నుంచి బస్సు. కథానిలయం చూడాలని ఎప్పటినుంచో ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ అది. లెక్కల మాస్టారిగా పనిచేసిన మనిషి, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒకచోట చేర్చాలని కూర్చున్నాడు. ఆయన 1960ల్లో రాసిన 'యజ్ఞం' ముగింపు మీద విమర్శకులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. కన్నకొడుకుని చంపిన ఆ తండ్రి చేసిన పని సరైనదేనా, కథ అక్కడికి దారితీస్తుందా, రచయిత బలవంతాన తీసుకెళ్లాడా అని. ఆ కథ మీ కోర్సులో ఉంటే ఎ, బి, సి, డిల్లో ఏం పెడతారో అని బీరువాల మధ్య నిలబడి నవ్వుకున్నాను. మా జిల్లాలో ఇంత పెద్ద కథల ఇల్లు ఉందని మీకు తెలియకపోతే ఇప్పుడు తెలిసింది కదా, ఒకసారి రండి.

ఇక అడగాల్సింది. వేలమంది చేరే కోర్సులో అందరి జవాబులూ చదవలేమంటారు, నాకు తెలుసు. మా పని చెప్తాను. పిక్కల లారీ వచ్చినప్పుడు బస్తాలన్నీ పగలగొట్టి చూడం. అక్కడో గుప్పెడు, ఇక్కడో గుప్పెడు తీసి కోసి చూస్తాం. లోపల పప్పు ఎలా ఉందో, ఎన్ని పుచ్చులో లెక్క రాస్తాం. సరుకు సంగతి దాంతో చాలావరకు తెలిసిపోతుంది. మీరూ అదే చేయండి. ప్రతి వారం ఒక్క ప్రశ్నకి ఎ, బి, సి, డి తీసేసి ఖాళీ గడి ఇవ్వండి, తెలుగులో రాసినా తీసుకోండి. వాటిలో ఒక ఇరవై ఏరి మీలో ఎవరైనా చదవండి. వచ్చేవారం వీడియోలో పది నిమిషాలు వాటి మీద మాట్లాడండి: ఈ అబ్బాయి ఇలా అన్నాడు, కథలో ఏ మాట చూపించాడు, ఈ అమ్మాయి చెప్పిందానికి కథలో ఆధారం లేదు, ఎందుకు లేదు. నా జవాబు ఆ ఇరవైలో ఎప్పటికీ రాకపోవచ్చు. ఫరవాలేదు. వస్తుందేమో అనుకుని రాసే రాతే వేరుగా ఉంటుంది. నైస్ పోస్ట్‌లు వాటంతటవే తగ్గిపోతాయి.

పోలిక వ్యాసానికి జాబితా బయట కథ ఒకటి తెచ్చుకోనివ్వండి. విద్యార్థి తన కథ కాపీ జతచేయాలని షరతు పెట్టండి, న్యాయమే. ఏడో ప్రశ్న కీ మాత్రం ఇప్పుడే సరిచేయండి, లేదా ఆ ప్రశ్న తీసేసి అందరికీ రెండు మార్కులు ఇచ్చేయండి. వచ్చే బ్యాచ్‌లో ఇంకో పిల్ల ఆ కథని సరిగ్గా చదివి, ఎర్ర గుర్తు చూసి, తనకి కథలు చదవడం రాదనుకుని ఊరుకోకూడదు. నాకు ముప్పై నాలుగేళ్లు, ఎదురు రాయగలను. పద్దెనిమిదేళ్లకి నేనైతే రాసేదాన్ని కాదు.

ఐదో వారం కథ తెరిచారు. అది కూడా అమ్మకి చెప్పాలి. తను చెప్పిన కిటికీ మాటకి మాస్టార్లు ఏమన్నారని అమ్మ ఇప్పటికి రెండుసార్లు అడిగింది. ఒకసారి కరెంటు లేదన్నాను, ఒకసారి నెట్ రాలేదన్నాను.

ఇట్లు,
మీ విద్యార్థిని,
పలాస, శ్రీకాకుళం జిల్లా